పసుపు తిరిగిన పెట్టె

ఆదోని,
సోమవారం

నన్ను దొంగ అన్నావు. నా ముఖం మీద కాదు, శేషప్పన్నతో అన్నావు. కోడుమూరు మండీలో కూర్చొని ఫోను చేసి, "మీ తిరుపాల్ మా ఇంట్లో కొత్త నెట్టు పెట్టె పీకి పాతది తగిలించినాడు" అన్నావు. అని నా నంబరు బ్లాకు చేసుకున్నావు. అందుకే ఈ కాగితం. మీ పత్తి లారీ తోలే తిమ్మప్పన్న చేతికిస్తాండాను. కాగితాన్ని బ్లాకు చేసే బటను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, చదువు.

శేషప్పన్న దగ్గర చేరినప్పట్నుంచి ఎన్ని ఇండ్లకు నెట్టు పెట్టినానో నీకు తెలుసు. ఈ పని నాకు ఏ కాలేజీ నేర్పలే. చెడిపోయిన పెట్టెలు విప్పి, వీడియోలు చూసి, కరెంటు షాకులు తిని నేర్చుకున్నా. ఏ ఇంట్లోంచీ ఒక మేకు కూడా జేబులో వేసుకోలే. మీ ఇంట్లో వేసుకుంటానా?

మీ ఇల్లు రైలుపెట్టె లెక్క పొడుగు. ముందర అంగడి, వెనక వంటిల్లు, నడుమ రాతిగోడల గదులు. అంగట్లో రూటరు సిగ్నలు వంటింటి దాకా పోదని నడవలో రిపీటరు పెట్టినా. అది రూటరు మాట విని వెనక గదులకు చెప్తాది, అంతే దాని పని. దసరా దాకా మీ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలే. దసరా పోయినాక ఎర్రలైటు అంటున్నారు. ఎర్రలైటంటే పెట్టె చచ్చిందని కాదురా, దానికి రూటరు వినపడలేదని. పాస్‌వర్డు ఏమన్నా మార్చినారా? అంగట్లో కొత్త ఇనుప బీరువా దించినారా? ఇవి అడుగుదామని మీ ఇంటికి పోతే మీ నాయన రంగనాయకులు శెట్టి గడప తొక్కనీలే. "చేసింది చాలు, ఫో" అన్నాడు.

నీ సాక్ష్యం ఏంది? ఎర్రలైటు చూడమని మీ అమ్మ పంపిన ఫోటో. పెట్టెను ముక్కుకు ఆనించి తీసినట్టుంది. తెల్లపెట్టె పసుపు రంగు తిరిగిపోయింది కాబట్టి పాతది, పాతది కాబట్టి నేను దొంగ. శేషప్పన్న నాకూ చూపిచ్చినాడు. నిజమే, రంగు తిరిగింది. ఎందుకు తిరిగిందో నాకు తెలీదు. తెలీకపోతే దొంగనా?

శేషప్పన్న నిచ్చెన లోపల పెట్టి తాళం వేసినాడు. "శెట్టి నోటితో కాదనేదాకా నువ్వు ఏ ఇంటికీ పోవద్దు" అన్నాడు. ఈ మాట ఎమ్మిగనూరులో మా అమ్మ చెవిన కూడా పడింది. హులిగమ్మ కొడుకు పెట్టెలు మారుస్తాడంట అని వీధికొళాయి దగ్గర అనుకుంటున్నారంట. బిందె నింపకుండానే ఇంటికొచ్చేసింది మా యమ్మ. ఆమె రొట్టె తినే కదరా నువ్వు బళ్ళో నా పక్కన కూర్చున్నావు. నీ డబ్బాలో పూరీలు నాకు తోసి నా జొన్నరొట్టె లాక్కునేటోనివి. అప్పుడు ఎవరు దొంగ?

శుక్రవారం లోపల శేషప్పన్నకు ఫోను చేసి ఆ మాట వెనక్కి తీసుకో.

తిరుపాల్

*

ఆదోని,
గురువారం

ఒరే వంశీ,

శుక్రవారం దాకా ఆగే పని లేదు. కూర్చొని చదువు. నీళ్ళు తాగుతా చదవొద్దు, పొలమారుతాది.

నిన్న మధ్యాన్నం మీ అమ్మ ఫోను చేసింది. "తిరుపాలూ, మా ఆయప్ప మార్కెట్‌యార్డుకు పోయినాడు, బిరీన రా. మా పాప హర్షిణికి కొత్త కాపురం, పులుసు ఎట్ల పెట్టాలో వీడియో కాల్లో చూపిద్దామంటే నా చెయ్యి గిన్నెలో ఉండంగానే బొమ్మ నిలిచిపోతాంది" అనింది.

పోయినా. నడవలో పెట్టె లేదు. ప్లగ్గు ఒట్టిగా ఉంది. ఈసారి నిజంగానే ఎవరో ఎత్తుకపోయినారు, ఇది కూడా నా నెత్తికే వస్తాది అనుకున్నా.

"పెట్టె యాడమ్మా?"

"యాడుంటాది, దేవునికాడ."

దసరాకు మీ అంగడి త్రాసు, తాళాలు, లెక్కల మిషను పూజకు పెడతారు కదా. ఇంట్లో పనిచేసే మిషన్లన్నీ పెట్టినప్పుడు దీన్నెందుకు వదలాలని మీ అమ్మ దీన్నీ పెట్టింది. ఒళ్ళంతా పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసింది. మీ మందిరంలో సీరియల్ బల్బులకు ప్లగ్గు ఉంది కదా, దానికే తగిలించింది.

"పూజ ఐపోయినాక తీయలేదా అమ్మా?"

"దండ వేసిన వస్తువును తీసి మళ్ళా చెప్పుల స్టాండు పైన తగిలిస్తారా? అసలు ఆ జాగాలో పెట్టిన బుద్ధిమంతుడు ఎవడు?"

ఆ బుద్ధిమంతుడు నేనే. నడవలో ఉన్న ప్లగ్గు అదొక్కటే మరి.

"పొద్దున పూజకు నెట్టు బ్రహ్మాండంగా వస్తాదప్పా. సాయంత్రం దీపం పెట్టినప్పుడూ వస్తాది. నడుమనే పోతాది. స్వామి మహిమ అనుకున్నా."

"నడుమ మందిరం తలుపులు మూస్తావా?"

"మూయకుంటే ప్రసాదం ఎలుకలు తింటాయి."

మీ మందిరం తలుపులకు ఇత్తడి రేకు కొట్టిచ్చినారు. అవి మూస్తే ఆ పెట్టెకు రూటరు మాట ఏమి వినపడతాది? నేను ఆడనే నేల మీద కూలబడి నవ్వినా. మీ అమ్మ, "ఎందుకు నవ్వుతావురా, దేవునికాడ" అని గదిమి, సంగతి చెప్పినాక నాకంటే ఎక్కువ నవ్వింది.

తీస్తానంటే ముట్టనీలే. స్నానం చేసి రమ్మనింది. పెరట్లో బోరు కింద తల తడుపుకొని, నీ పట్టుపంచె కట్టుకొని తీసినా. రిపీటరు రిపేరుకు తలస్నానం చేసినోణ్ణి ఆదోనిలో నేనే మొదటోణ్ణయి ఉంటా. తడిగుడ్డతో తుడిస్తే పసుపంతా గుడ్డకొచ్చింది. పెట్టె తెల్లగా నవ్వింది. నీ సాక్ష్యం ఆ గుడ్డకు అంటుకొని ఉంది, దండెం మీద ఆరేసినా, వచ్చినప్పుడు చూసుకో.

చెప్పుల స్టాండు వీధి వసారాకు పోయింది. పెట్టె దాని పాత ప్లగ్గుకే వచ్చింది, మీ అమ్మ పక్కనే చిన్న కుంకుమబొట్టు పెట్టింది, ఒప్పుకున్నా. పచ్చలైటు వెలిగింది. ఫోన్లో హర్షిణి కదలాడింది. పంచెలో నన్ను చూసి, "ఎవరమ్మా ఈ పంతులు?" అనింది.

అప్పుడే మీ నాయన వచ్చినాడు. చెప్పులు యాడ విడవాలో తెలీక నడవలో తిరుగుతాంటే మీ అమ్మ సంగతంతా చెప్పింది. ఆయప్ప ఆడనే నిలబడి శేషప్పన్నకు ఫోను చేసి, "మాదే పొరపాటు. ఆ పిల్లోనికి నిచ్చెన ఇయ్యి" అన్నాడు. నాకు ఉగ్గాని బజ్జీ తెప్పిచ్చినాడు. అది ఆయప్ప క్షమాపణ అనుకున్నా. వేడిగా ఉంది, తిన్నా.

ఆయప్ప లెక్క తీరిపోయింది. నీది తీరలే. నిచ్చెన వచ్చినంత మాత్రాన మా అమ్మ కొళాయి దగ్గరికి పోవట్లే, పక్కింటామెతో నీళ్ళు తెప్పిచ్చుకుంటోంది. ఆ మాట పుట్టింది నీ నోట్లోంచి, పోవాల్సింది కూడా నీ నోటితోనే. ఆదివారం ఎమ్మిగనూరుకు రా. ఫోను చెల్లదు. మా అమ్మ బిందె నువ్వు ఎత్తుకొని, ఆమెతోపాటు ఆ కొళాయి దగ్గరికి నడిచి, అందరూ వినేటట్టు "తిరుపాల్ దొంగ కాదు, నేనే తిక్కోణ్ణి" అను. తర్వాత రొట్టెలు కాలుస్తాది, పూరీలు తేవాకు.

నంబరు బ్లాకు తీసి, వస్తావో రావో శనివారం సాయంత్రం దీపాలు పెట్టేలోపల చెప్పు. చెప్పలేదంటే, మీ అమ్మ నా మాట వింటాది ఇప్పుడు. ఆ పెట్టెను మళ్ళా స్వామి పక్కన పెట్టిచ్చి, తలుపులు మూయిచ్చి, తాళం నేను ఎత్తుకపోతా.

నీ
తిరుపాల్