బెజ్జం వేయించాలా, అమ్మేయాలా

జూన్ 3, శనివారం

ఏడాదిన్నర తర్వాత బేస్ గిటార్ కేస్ తెరిచాను. స్ట్రింగులు తుప్పు పట్టాయి. బాత్రూమ్‌లో జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్న రోజు నుంచీ అది బీరువా వెనకే ఉంది. ఎముక అతుక్కుంది. నరమే మాట వినడం లేదు. ఎడమచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ దేన్నీ గట్టిగా నొక్కలేవు. ఎవరివో వేళ్లు తెచ్చి నాకు అతికించినట్టుంది.

రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. ఆ షాపాయన మా కళ్లజోళ్ల షాపుకి పాత కస్టమర్. ఆయన పవర్ నాకు కంఠతా వచ్చు, పేరు మాత్రం గుర్తుండదు. మనసులో దళసరి అద్దాలాయన అనుకుంటాను. శుభ్రంగా తుడిచి, స్ట్రింగులు మార్చి ఇమ్మన్నాను. అడిగింది అంతే. ఆయన నా చెయ్యి చూశాడు, బేస్ చూశాడు, రెండు దారులున్నాయమ్మా అన్నాడు. అచ్చం ఇలాంటి దాని కోసమే ఒకాయన తిరుగుతున్నాడట, అమ్మేయొచ్చట. లేదంటే దీన్ని ఎడమచేతి వాటానికి మార్చేస్తానన్నాడు. స్ట్రింగుల వరస తిరగేసి కడతాడట. అప్పుడు నొక్కే పని కుడిచేతిది, మీటే పని ఎడమచేతిది. నొక్కడానికైతే నాలుగు వేళ్లూ కావాలి గానీ మీటడానికి రెండు చాలు కదా, మీకు ఆ రెండూ నిక్షేపంలా ఉన్నాయి కదా అన్నాడు.

అంటే ఈ చెయ్యి ఇక రాదనా మీ ఉద్దేశం అని అడిగాను. గొంతు కాస్త పెద్దదే అయింది. ఆయన పాపం అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

జూన్ 5, సోమవారం. మధ్యాహ్నం 3

షాపు ఖాళీ. పదహారేళ్లు లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టినదాన్ని. ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్. ఓనర్ మంచోడే, కుర్చీకి కుషన్ కూడా వేయించాడు. ఆ కుషన్ చూస్తే ఒళ్లు మండుతుంది.

దళసరి అద్దాలాయన వచ్చాడు. కళ్లజోడు స్క్రూ లూజయిందని వంక. స్క్రూ బాగానే ఉంది. బిల్లు వెనక బొమ్మ గీసి చూపించాడు. స్ట్రింగులు, పైన అవి కూర్చునే గాడులున్న ముక్క ఎప్పుడైనా మార్చుకోవచ్చట. కానీ గిటార్ తిరగబడితే భుజానికేసుకునే స్ట్రాప్ తగిలించే గుండీ దాని రెండో కొమ్ముకి రావాలి. అంటే చెక్కలో కొత్త బెజ్జం. పూడ్చినా మచ్చ పోదు, మచ్చ పడితే ఆ అడిగినాయన కొనడు, అందుకని ముందే తేల్చుకోండి అన్నాడు. ఆ మనిషి పద్దెనిమిదో తారీఖు ఆదివారం చూడ్డానికి వస్తాడట.

నాకు తేల్చుకోవడం ఇష్టం లేదు. అమ్మినా, తిప్పినా ఈ చెయ్యి ఇంతే అని సంతకం పెట్టినట్టే.

జూన్ 6

మా ఆయన్ని అడిగాను. నీ ఇష్టం అన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే జవాబు.

జూన్ 10, శనివారం

మరిది గ్యారేజ్‌కి వెళ్లొచ్చాను. అక్కడ ప్రతి శనివారం సాయంత్రం బైకులన్నీ ఓ పక్కకి నెట్టి, షట్టర్ సగం దించి ముగ్గురం వాయించేవాళ్లం. మరిది డ్రమ్స్, నేను బేస్, గిటారూ పాటా విజిల్ మాస్టారు. ఆయన రిటైరైన డ్రిల్ మాస్టారు. ఎవరైనా తప్పు వాయిస్తే ఇప్పటికీ ఆయన చెయ్యి జేబులో విజిల్ కోసం వెతుక్కుంటుంది. దెబ్బ తగిలాక నేను అటు వెళ్లడమే మానేశాను. ఇవాళే మొదటిసారి, అదీ ఉత్త చేతుల్తో.

మా పాటే ఎత్తుకున్నారు. దానికి మొదటి పదహారు కౌంట్లు బేస్ ఒక్కటే ఉంటుంది, పదిహేడో కౌంట్‌లో వాళ్లు కలుస్తారు. మరిది కర్రలు పైకెత్తాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. చప్పుడు లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పదహారు లెక్కపెట్టి, పదిహేడులో ఇద్దరూ ఠంచనుగా అందుకున్నారు. ఇదేంటి అన్నాను. అది నీ చోటు వదినా, ఏడాదిన్నరగా ఇలాగే వాయిస్తున్నాం అన్నాడు మరిది. ఏదో ఘనకార్యం చేసినట్టు మొహం వెలిగిపోతోంది.

నేనేమైనా పోయానా, మౌనం పాటించడానికి అన్నాను. మాస్టారు నవ్వబోయి దగ్గారు. ఆ ఖాళీ వదలకుండా నేరుగా మొదలెట్టండి అన్నాను. మొదలెట్టారు. ఒకరు ముందు, ఒకరు వెనక. మూడుసార్లు గుద్దుకున్నారు. నాలుగోసారి మాస్టారు గిటార్ పక్కన పెట్టి, ఇక మాకు అలవాటైపోయిందమ్మా, లెక్కపెట్టకపోతే పాట రావట్లేదు అన్నారు.

ఇంకొకర్ని చూసుకోండి అని ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పలేదు. వచ్చే నెల వచ్చేస్తా, ఆ పై నెల వచ్చేస్తా అంటూ ఫోన్లో కబుర్లు చెప్పాను. నా అబద్ధాన్ని వాళ్లు కౌంట్ చేసుకుంటూ కూర్చున్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను.

జూన్ 12

చూద్దాం అనే మాటని నిషేధించాలి. ఫిజియో అంటుంది, ఓనర్ అంటాడు, మా అత్తగారూ అంటుంది. ఎవరూ ఏమీ చూడరు.

జూన్ 13, మంగళవారం

ఫిజియోని మొహం మీదే అడిగేశాను. ఆ పిల్ల రబ్బరు బంతి బల్ల మీద పెట్టేసి, నిజం చెప్పనా మేడమ్ అంది. అందుకే కదమ్మా అడుగుతున్నది అన్నాను. రావాల్సిందంతా వచ్చేసిందట. కప్పు పట్టుకోవడం వచ్చింది, జడ వేసుకోవడం వచ్చింది. ఆ రెండు వేళ్లకీ ఇక బలం రావడం కష్టం అంది. కష్టమా, రాదా అన్నాను. రాదు అంది.

బస్టాపులో కూర్చుని రెండు బస్సులు వదిలేశాను. బాధగా ఉంది, కాదనను. కానీ ఒంట్లో బిగువు దిగింది. ఇన్నాళ్లూ ఎవరో వస్తారని వడ్డించుకోకుండా కూర్చున్నట్టుంది. ఇక రారని తెలిసింది. ఇంటికెళ్లి నిజంగానే రెండుసార్లు మారు అన్నం వడ్డించుకున్నాను.

జూన్ 14

అమ్మేస్తాను. తేలిపోయింది.

జూన్ 18, ఆదివారం

కొనే మనిషి ఇంటికి వచ్చాడు. బ్యాంకు క్లర్క్. ఇస్త్రీ చొక్కా, మర్యాద. కొత్త స్ట్రింగులు వేశారు కదా, బేస్ నిగనిగలాడుతోంది. ఒళ్లో పెట్టుకుని వాయించాడు. బాగానే వాయించాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అదొక ఏడుపు.

అప్పుడు నా నోరు దానంతటదే మొదలైంది. బరువెక్కువండీ, గంట వాయిస్తే భుజం పడిపోతుందన్నాను. సౌండ్ పెంచే నాబ్ తిప్పితే గరగరలాడుతుందన్నాను. వానాకాలం బేస్ మెడ వంగుతుందన్నాను. నా దగ్గరున్న పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి వంగితే ఒట్టు. ఫర్వాలేదండీ, బాగుచేయించుకుంటాను అన్నాడాయన. ఇంకేం దొరక్క, మా వారిని అడిగి చెబుతానన్నాను. మా వారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆ క్లర్క్ పాపం ఆయన వంక చూశాడు. మా ఆయన గోడ గడియారం వంక చూశాడు.

అతను వెళ్లాక, సంబంధం చెడగొట్టే మేనత్తలా మాట్లాడావేంటే అన్నాడు మా ఆయన. ఇరవై రెండేళ్లలో ఇది మూడో జోకు. కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వడం అయ్యాక, అమ్మాలని లేదు కదా, మరి బెజ్జం అంటే ఏమిటి భయం అని అడిగాడు. చెప్పాను. తిప్పి కట్టిస్తే ఓనమాల దగ్గర నుంచి మొదలెట్టాలి. నలభై నాలుగేళ్లొచ్చాయి. నాకోసం పదహారు లెక్కపెడుతున్న వాళ్ల ముందు నిలబడి, ఏమీ రాదని చూపించుకోవాలి. అది నావల్ల కాదు అన్నాను.

నీ ఇష్టం అంటాడనుకున్నాను. వేయించెయ్ అన్నాడు.

జూన్ 20

క్లర్క్‌కి ఫోన్ చేసి అమ్మట్లేదని చెప్పాను. నాబ్ సంగతి అబద్ధమని కూడా ఒప్పుకున్నాను. తెలుసండీ, నేను తిప్పి చూశాను కదా అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

జూన్ 22, గురువారం

డ్రిల్ పెట్టేముందు దళసరి అద్దాలాయన ఖాయమేనా అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి కసిరాను. రెండు సెకన్ల పని. చిటికెడు చెక్కపొట్టు. ఊదేశాను.

జూన్ 24, శనివారం

గ్యారేజ్‌కి తీసుకెళ్లాను. బేస్ నా మెడలో, అద్దంలో చూసుకున్నట్టు తిరగబడి వేలాడుతోంది. నాకు వచ్చింది ఒకటే, ఏమీ నొక్కకుండా ఒక స్ట్రింగ్ మీటడం. ముందే చెప్పేశాను. ఇంకో నెల ఆగమనలేదు. ఇప్పటికి ఇదే వచ్చు, మళ్లీ బాగా వాయించడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలీదు, వేరే మనిషిని పెట్టుకున్నా ఏమీ అనుకోను అన్నాను. మాస్టారు గిటార్ ట్యూన్ చేసుకున్నారు. మరిది కర్రలు పైకెత్తాడు.

పదహారు కౌంట్లు, పదహారుసార్లు అదే స్ట్రింగ్. బడి గంట కొట్టినట్టుంది. కుడిచెయ్యి ఊరికే బేస్ మెడ పట్టుకుని నిలబడింది. మీటింది ఎడమచెయ్యి, దానికున్న రెండు వేళ్లతో. పదిహేడులో వాళ్లు అందుకున్నారు. పాట మారినచోట నా స్వరం మారలేదు కదా, వినసొంపుగా ఏం ఉంటుంది! మాస్టారి చెయ్యి జేబులోకి వెళ్లింది. అయినా ఎవరూ ఆగలేదు, చివరిదాకా వాయించాం.

నువ్వు ఇంతకంటే చెత్తగా ఎప్పుడూ వాయించలేదు వదినా, వచ్చే వారం ఇంకాస్త తొందరగా రా అన్నాడు మరిది. నీ డ్రమ్స్ ఏడ్చినట్టున్నాయి, ముందు అది చూసుకో అన్నాను. ఎంత సంతోషంగా ఉందో.

జూలై 2

పొద్దున షాపుకెళ్లేముందు అరగంట సాధన. కుడిచేతికి ఏమీ తెలీదు. పంతొమ్మిదేళ్లు పక్కనే ఉండి ఏం చూసిందో.

జూలై 9

కుడిచేతి వేళ్లకి బొబ్బలు. పెన్ను పట్టుకోలేను.

ఇది ఎడమచేత్తో రాస్తున్నా. వంకర. అయినా చదవడానికొస్తోంది.