గొట్టం అడుగున

ఆదివారం, మధ్యాహ్నం

ప్రియమైన తాబేలక్కకి,

నీ తొందరమ్మ నమస్కారాలు. బావగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఇక్కడ మేమంతా కులాసా. ఇన్నేళ్ళకి దీనికేం పనిపడిందని మూతి తిప్పకుండా చివరిదాకా చదువు.

వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. మన ల్యాబ్ చల్లగదిని కూడా నాతోపాటే ఖాళీ చేయిస్తున్నారు. నిన్న తలుపు తీయగానే ఆ తడి ఇనుము వాసనకి ఏడుపొచ్చేసింది. మనిద్దరికీ కలిపి ఒకటే స్వెట్టరు, గుర్తుందా? చేతులు వణక్కూడనిది నీకే కాబట్టి అది నీ ఒంటిమీదే ఉండేది. నేనేమో మంచులో చెయ్యి పెట్టుకుని, మేక కార్జం ముక్కల్ని గాజు గొట్టంలో నూరేదాన్ని. కాస్త వేడెక్కినా కణాల పొరలు పాడైపోతాయని మన ల్యాబ్ పెద్ద, మాస్టారు, ప్రాణం తీసేవారు. నేను గబగబా నూరి నురగ తెప్పిస్తే, విందుకి పిండి రుబ్బుతున్నావా అని నువ్వు విసుక్కునేదానివి.

నీ వంతు వచ్చిందంటే గదిలో ఎవరూ దగ్గకూడదు. చిక్కటి పంచదార నీళ్ళ మీద పల్చటివి, వాటిమీద నేను నూరిన రసం, ఒకదాంట్లో ఒకటి కలవకుండా జార్చేదానివి. మిషన్‌లో తిప్పాక మధ్యలో తేలిన తెల్లటి పట్టీని పీల్చి, కడిగి మళ్ళీ తిప్పితే, గొట్టం అడుగున గోరంత ముద్ద అంటుకునేది. అదే మన పొర. దాన్ని చూసి ఎంత మురిసిపోయేవాళ్ళం.

ఆ ఒక్క రోజు తప్ప. మిషన్‌లో గొట్టాలు పెట్టే మన రోటర్ రిపేరుకి పోతే, వాటిని ఏటవాలుగా పట్టి ఉంచే పక్క ల్యాబ్ వాళ్ళ వాలు రోటర్ అరువు తెచ్చాం. ఆ కార్జమూ మామూలుది కాదు, మాస్టారు ఏళ్ళ తరబడి కనిపెట్టుకున్న జబ్బు మేకది. ఇంకోటి లేదు. నువ్వు పైనీళ్ళు వంపేసి చూస్తే అడుగున ఏమీ లేదు. నీ చేతిలో పొర నిలవదని మాస్టారు అందరి ముందూ అనేశారు. నువ్వు స్వెట్టరు మడతపెట్టి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. నా ఉత్తరాలకి జవాబే లేదు.

కొత్తగా చేరిన అమ్మాయిలకి ఆ పని నేర్పమని మొన్న నిన్ను పిలిపించింది నేనే. నా చేతులు పనికిరావని కబురు పంపావట. ఒళ్ళు మండిపోయింది అక్కా. వాళ్ళకి అలా పోయడం నేర్పే చెయ్యి ఇక్కడ ఇంకోటి లేదు, నాదంతా నురగే. నువ్వు రాకపోతే నేనే వచ్చి మీ వాకిట్లో కూర్చుంటాను.

బావగారిని అడిగానని చెప్పు.

నీ
తొందరమ్మ

తా.క. అసలు సంగతి ఇది. ఫ్రీజర్ ఖాళీ చేస్తుంటే అట్టడుగున నీ దస్తూరీ ఉన్న ఆ రోజు గొట్టం దొరికింది. అప్పట్లో కడగడానికి మనసొప్పక నేనే దాచాను. ఇప్పుడైనా కడిగేద్దామని కిటికీ దగ్గర మంచు తుడుస్తుంటే, పక్క గోడకి పల్చటి మరక కనిపించింది. వాలు రోటర్‌లో పొర అడుక్కి చేరదు, గోడకి అంటుకుంటుంది. ఎప్పటి అలవాటు కొద్దీ మనం అడుక్కే చూశాం, మాస్టారూ అంతే. కొంచెం గీకి, ప్రొటీన్ తగిలితే నీలంగా మారే ఆ గోధుమరంగు నీళ్ళు వేశాను. నీలంగా మారింది అక్కా. మిగతాది నీ కళ్ళతో నువ్వు చూడాలని గీకకుండా ఉంచాను. స్వెట్టరు ఉతికి ఆరేశాను.