యాదగిరి కారులో టపా

2008 ఆగస్టు, గురువారం

పొద్దున గౌడవెల్లి దారిలో సైకిలు టైరు పేలింది. టపా సంచి భుజాన వేసుకుని వానలో నడుస్తుంటే వెనక నుంచి చప్పుడే లేకుండా ఒక కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది యాదగిరి. తను డ్రైవరుగా పనిచేసే కొంపల్లి సారును మేడ్చల్‌లో దింపి వస్తున్నాడట.

"ఎక్కు మల్లేశా, ఉత్తరాలు తడుస్తయి. పెట్రోలుతోటి, బ్యాటరీతోటి రెంటితోటీ నడుస్తదిరా గిది" అన్నాడు.

ఈ పోస్టుమ్యాన్ ఉద్యోగానికి ఇద్దరం దరఖాస్తు పెట్టుకుంటే నాకొచ్చింది, వాడికి రాలేదు. ఇన్నేళ్లూ వాడిని చూసి జాలిపడ్డాను. ఇవాళ ఆ మెత్తటి సీటులో కూర్చుంటే కడుపు మండింది.

కారులోనే తిరిగి ఉత్తరాలు పంచితే, సాయంత్రం దాకా పట్టే పని మధ్యాహ్నానికే అయిపోయింది. ఊరి జనమంతా కారు చుట్టూ మూగారు. అది సరే. రాజవ్వకు బొంబాయి దగ్గరి భివండి నుంచి మనవరాలి ఉత్తరం వచ్చింది. ఎప్పుడూ నేనే చదివి వినిపిస్తాను. ఇవాళ వాడు చేయి చాపి తీసుకుని, నిదానంగా రెండుసార్లు చదివాడు. నేనైతే ఒక్కసారి గబగబా చదివేసి సైకిలెక్కేవాడిని. అవ్వ కళ్లు తుడుచుకుంది.

"మస్తు సదివినవ్ బిడ్డా" అంది వాడితో. వాడు కారు దగ్గరికి వెళ్లాక నన్నడిగింది. "మళ్ల ఉత్తరమొస్తే గా పిల్లగాడు గూడ వస్తడా?"

ఎప్పుడు పిలిచినా వస్తానని వాడు దారిలోనే నాతో అన్నాడు.

"రాడవ్వా, ఆనికి తీరదు" అన్నాను.

అవ్వ సరేనని తలూపింది. నేనేం చెప్పినా నమ్ముతుంది.