రెండని చెప్పిన నోరు

జూలూరుపాడు దగ్గర, పై తండా,
20 ఆగస్టు 2006.

చిరంజీవి రాజేష్‌కు,

నీ బాపు దీవించి రాస్తున్నాడు. నేను, మీ అమ్మ ద్వాలి, చెల్లె భార్గవి బాగున్నాం. అందరం క్షేమమని రాయబోయి ఆగాను. చాందీ చిన్నమ్మ పోయి ఇంకా నెల నిండలేదు, ఆ మాటకు చెయ్యి రాలేదు. హైదరాబాదులో హాస్టలు కూరలు నోటికి పడకపోతే మొహమాటపడకు, మీ అమ్మ కారప్పొడి పంపుతుందట.

నువ్వు అడిగినవాటికి జవాబులు. పత్తి పూతకొచ్చింది. మీ అమ్మ మోకాలినొప్పి అట్లాగే ఉంది. దవాఖానాకు పోదాం రమ్మంటే, "గా బురదల నడిస్తే ఉన్న కాలు గూడ పోతది, నువ్వే పో" అని నన్నే కసురుతోంది. రూప్లా చిన్నాయన సరిగ్గా తినడం లేదు. మీ అమ్మే ఆ మోకాలితోనే రెండు పూటలా గిన్నె పట్టుకుని వాగు దాటి కింది తండాకు పోయివస్తోంది. అయిదేళ్లు మాటల్లేని ఇల్లది. చావొచ్చి కలిపింది మమ్మల్ని.

ఆ రోజు సంగతి నువ్వు ఫోనులో సగమే విన్నావు. పత్తి చేనులో కలుపు తీస్తుంటే చిన్నమ్మను పాము కరిచింది. ఆటో తారురోడ్డు మీదే ఆగింది. నాలుగు కిలోమీటర్ల బురదలోకి ఏ బండి దిగుతుంది చెప్పు? మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోశాం. తల వైపు నేనూ మీ చిన్నాయనా. తమ్ముడి భార్యగా ఏనాడూ నా ముందు నోరు విప్పని మనిషి, ఆ రోజు "బావా, ఇంకెంత దూరం?" అని అడిగింది. "గదిగో, వచ్చినం" అన్నాను. మళ్లీ అడిగింది, మళ్లీ అదే చెప్పాను. మూడోసారి అడగలేదు. అప్పటికి సగం దారి కూడా కాలేదు బిడ్డా.

ఇక నీ కోపం సంగతి. "రెండొందల యాభై మంది ఉంటేనే రోడ్డన్నరు. మన రెండు తండాలు కలిపితే రెండొందల అరవై ఏడు. విడదీసి రాయించినోడెవడో చెప్పు బాపూ, వాని పేరు మీద అర్జీ పెడ్త" అని రాశావు.

వాణ్ని నేనే, రాజేష్.

అయిదేళ్ల కింద, రాబోయే సీత్లా తల్లి పండుగకు మొదటి మొక్కు తండాకు పెద్ద నాయక్‌గా నాదా, తమ్ముడిదా అని కొట్లాడుకున్నాం. తెల్లారి జనాభా లెక్కలకు వెంకటనారాయణ సారు వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడు. "ఇది ఒకటే తండానా, రెండా నాయక్?" అన్నాడు. నా తలకాయలో ఇంకా నిన్నటి మంటే ఉంది. "రెండు రాయి సారూ. వాగవతలోళ్లతోని మాకేం సంబంధం లేదు" అన్నాను. మంచివాడు, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. నేను వింటానా! రాసేదాకా పక్కన నిలబడ్డాను. ఇవతల నూట నలభై ఒకరు, అవతల నూట ఇరవై ఆరు. నాలుగేళ్ల తర్వాత ఇంజనీరు వచ్చి, మీరు చాలరని చెప్పిపోయాడు. తండా అంతా లెక్కలు రాసినోణ్ని తిట్టింది. సిగ్గులేకుండా నేనూ తిట్టాను.

పదో రోజు చెప్పేద్దామని మీ చిన్నాయన దగ్గరికి పోయాను. నోరు తెరిచేలోగా నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నేను నిన్ను పగోడనుకున్న అన్నా. నువ్వే వచ్చి మంచం మోసినవ్" అన్నాడు. చెప్పకుండానే తిరిగొచ్చాను. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

అర్జీలో నా పేరే పెట్టు. కన్నతండ్రి అని వెనకాడకు.

రేపు పొద్దున ఈ కాగితం తీసుకుని కింది తండాకు పోతాను. మీ చిన్నాయనకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించి, అటునుంచి అటే నడిచిపోయి పోస్టు డబ్బాలో వేస్తాను. జాబు నీకు చేరిందంటే ఆయన విన్నాడనే. విన్నాక నన్ను అన్నా అని పిలిచాడో లేదో మాత్రం ఇందులో ఉండదు.

ఇట్లు,
నీ బాపు
హరిలాల్