అవ్వ ప్రార్థనలో ఒక మాట

మంగళవారం, రాత్రి

శామీర్‌పేట పొలం ఇవాళ అమ్మేశాం. ఒక్క పొలానికి ఎన్ని మాటలో. తాత పోయాక అది నాయిన పేరు మీదికి మారినప్పుడు ఆఫీసులో ‘విరాసత్’ అన్నారు. ఇవాళ్టి కాగితాల్లో ‘పిత్రార్జితం’ అని రాశారు. నేనేమో ఇన్నాళ్లూ ఇంట్లో ‘తాతల ఆస్తి’ అంటూ వచ్చాను. ఏ మాట విన్నా నాకేమీ అనిపించలేదు.

అవ్వది మాత్రం చర్చిలో నేర్చుకున్న మాట, ‘స్వాస్థ్యం’. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ అన్నాలకు ముందు ప్రార్థన ఆమే చేస్తుంది. చివర్న “మాకిచ్చిన స్వాస్థ్యాన్ని కాపాడు తండ్రీ” అన్నాకే ఆమెన్. ఆ తర్వాతే ఎవరైనా కంచంలో చెయ్యి పెట్టేది.

ఇవాళ కూడా పిల్లల కోసం, వాన కోసం అడిగి, సరిగ్గా అక్కడికొచ్చి ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని నాయిన అలవాటు కొద్దీ మెల్లగా అందించాడు, “స్వాస్థ్యాన్ని...”

అవ్వ కళ్లు తెరిచింది.

“అది మందిదైపాయె గదరా. మందిదాని కోసం నేనెట్ల అడుగుత?”

ఆమెన్ ఎవరు అనాలో తెలియక అట్లాగే కూర్చున్నాం. అన్నం చల్లారిపోయింది.

చివరికి అవ్వ నా వైపు తిరిగింది. గొంతులో కోపమేమీ లేదు.

“రేపటిసంది ప్రార్థన నువ్వే చెయ్యి బిడ్డా. నీకు మాటలు మంచిగొస్తయి.”

పొలం అమ్మడానికి నాయినను ఒప్పించిన మాటలు నావేనని ఆమెకు తెలుసు.