చీలిక దగ్గర ఆగిన పిల్ల

బావకి,

క్షేమ సమాచారాలు చెల్లెలు చెబుతూనే ఉంది, కాబట్టి అవి అడగను. నా రాత కోడి కెలికినట్టుంటుంది, ఓపిగ్గా చదువు.

ఇరవై ఏళ్ళుగా నా గుండెలో ఉన్న మాట ముందు రాస్తాను. ఆ రోజు మోటారు సైకిళ్ళ మీద పోతుంటే, కొండ మీద బాట రెండుగా చీలిన చోట నువ్వు నా కోసం ఆగలేదు. ముందున్నవాడు చీలిక దగ్గర ఆగాలి, వెనకవాడు కనపడ్డాకే కదలాలి. మట్టిబాటల్లో బండి నడిపే ప్రతివాడికీ తెలిసిన పద్ధతి అది. నీ జాడ లేక నేను ఎడమకి తిరిగాను. అది పాడుబడ్డ క్వారీలోకి దిగింది, అక్కడే పెట్రోలు అయిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఎవరో లారీ అతను ఎక్కించుకునేదాకా గొంతులో చుక్క పడలేదు. ఇంటికొస్తే నువ్వన్నదేమిటి? "వెనకే వస్తున్నావనుకున్నా బావా." అంతే. ఆ మాట మింగుడుపడక మీ గడప తొక్కటం మానేశాను. నువ్వు బండెక్కటమే మానేశావు. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు నీ కూతురి సంగతి. పోయిన వారం సరిహద్దు దాటి పక్క ప్రాంతపు కొండబాటలు చూడటానికి తనూ స్నేహితులూ ఆరుగురు కలిసి బయల్దేరుతుంటే, "పెట్రోలూ పనిముట్లూ వేసుకుని జీపుతో మా వెనకాల రా మామయ్యా" అని పిలిచింది. వెళ్ళాను. తిరిగొచ్చాక దాని మోచెయ్యి గీరుకుపోయి ఉండటం చూసి నువ్వు బండి తాళం దాచేశావట. నెలాఖరుకి వాళ్ళంతా నది అవతలి ఇసుకబాటలకి పోవాలి. దారి చూపించేది అదే. తాళం ఇవ్వకపోతే ఆ ప్రయాణం ఆగిపోతుంది. పిల్ల ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదని చెల్లెలు చెప్పింది.

నువ్వు చూడలేదు, నేను చూశాను. గులకరాళ్ళు జారే దిగుడులో అది బ్రేకు జోలికి పోదు. మొదటి గేరులో ఇంజనుకే బండిని వదిలి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్ళు వదులుగా పెట్టి దిగుతుంది. వాగొస్తే ముందు బండి ఆపి, కర్ర పుచ్చుకుని నడిచి లోతు చూసొస్తుంది. ఎదురుగా మేకలొస్తే ఇంజను ఆపేస్తుంది. ఆ కాపరి దానికి దణ్ణం పెట్టినంత పని చేసి, మేం అడక్కుండానే అడ్డదారి చూపించాడు. మోచెయ్యి గీరుకున్నది కూడా ఏ సాహసం చేస్తూనో కాదు. ఆగి ఉన్న బండి దిగుతూ కాలు జారి పడింది. పడి, తనే ముందు నవ్వింది. ముప్పై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి, ఇంత నిదానమైన చెయ్యి నేను చూడలేదు.

ఒకచోట నా జీపు బురదలో దిగబడింది. చక్రాల కింద రాళ్ళు పేర్చుకుని బయటపడేసరికి చాలా ఆలస్యమైంది. వీళ్ళు వెళ్ళిపోయి ఉంటారనుకుంటూ చీలిక దగ్గరికి వచ్చాను. రెండు బాటలూ చీలే మధ్యన బండి నిలబెట్టి, మండుటెండలో అది నించుని ఉంది. మిగతావాళ్ళు విసుక్కుంటున్నారు. నన్ను తాతంటారు వాళ్ళు; నేను రాకముందు జరిగిన వాదన వాళ్ళే చెప్పారు.

"తాతకి దారి తెలుసులే, పద."

"మామయ్య కనపడేదాకా కదలను. తొందరైతే మీరు పొండి. ఏ పక్కకి పోవాలో మాత్రం చెప్పను."

ఒక్కడూ కదలలేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే అడిగాను, "ఎవరు నేర్పారే నీకిది?"

"ఇంకెవరు, నాన్నే. 'ఒకసారి ఆగకుండా పోయి మనిషిని పోగొట్టుకున్నాను. దొరికేదాకా నా ప్రాణం నాలో లేదు. మళ్ళీ బండెక్కలేకపోయాను' అన్నాడు. ఎవర్ని నాన్నా అంటే లేచి వెళ్ళిపోయాడు."

ఆ మనిషిని నేనేనని దానికి చెప్పలేదు. జీపు బానెట్ ఎత్తి, ఏదో చూస్తున్నట్టు కాసేపు అటు తిరిగి నిలబడ్డాను.

ఏమయ్యా, ఈ మాట నాతో అనడానికి నీకు నోరు రాలేదా? కూతురికి నేర్పావు. నేర్పినవాడివి మంచిగా నేర్పావు, అది ఒప్పుకుంటాను. ఇంకెవరైనా పోతారేమోనన్న భయంతోనే తాళం దాచావని కూడా తెలుసు. కానీ బావా, అందర్నీ ఒక్కరు తప్పిపోకుండా ఇంటికి తెచ్చిన పిల్ల అది. దాన్ని ఇంట్లో కూర్చోబెడితే మిగతా అయిదుగురికి చీలిక దగ్గర ఎవరు నిలబడతారు?

నీకంత భయంగా ఉంటే జీపులో నా పక్కన కూర్చో. దారి పొడుగునా తిడతాను, పడు. మాట్లాడకుండా కూర్చున్నా సరే.

గురువారం లోపల నాకు జవాబు కావాలి. తాళం ఇచ్చానని రాయి, లేదా నేనూ వస్తున్నానని రాయి. ఫోను చేస్తే ఎత్తను. గురువారం దాటిందా, నా జీపు తాళం తీసుకెళ్ళి దాని చేతిలో పెడతాను, జీపు తోలుకుంటూనే వాళ్ళకి దారి చూపిస్తుంది. నువ్వు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే పెడతాను.

మీ ఆవిడ అన్నని,
ఇంకా కోపంగానే ఉన్నాను