కుర్చీ మీద నూలు చొక్కా

రితియెన్ తల్లీ,

కుర్చీ మీద నూలు చొక్కా, నూలు ప్యాంటు పెట్టాను. ఈరోజు కొత్తగా కట్టిన మందుగుండు గదికి అవే వేసుకుని వెళ్లు. లోపలి బట్టలు కూడా నూలువే ఉండాలి. మెళ్లో ఉన్న పునీత కతరీనమ్మ పతకం తీసి, ఫోనుతో పాటు ఇంట్లోనే పెట్టు. ఆ గది గుమ్మం దగ్గరి రాగి రేకును తాకి, ఒంట్లోని కరెంటు దిగాకే లోపల అడుగు పెట్టు. మొదటి నెలంతా నెను మామ పక్కన కూర్చుని కాగితం గొట్టాలు చుట్టు, చాలు. ఎవరైనా తొందరపెడితే లేచి వచ్చెయ్యి. కతరీనమ్మ పండక్కి ఒక తారాజువ్వ తగ్గితే కొంపలేం మునగవు.

పోయినేడు పండక్కి అమ్మడానికి మన కొట్లోకి మూడు వందల చొక్కాలు తెప్పించాను. కతరీనమ్మ బొమ్మ బాగా మెరుస్తుందని నైలాన్ గుడ్డ ఎంచింది నేనే. మొదటిది మీ అన్న సల్వు తొడుక్కుని మందుగుండు గదికి బయల్దేరాడు.

"అక్కడికి ఇది వద్దురా" అన్నాను.

"ఇది వేసుకోకపోతే పక్క ఊరి వాణ్ననుకుంటారు నాన్నా" అని నవ్వాడు.

కొట్లో జనం ఉన్నారు. రెండోసారి చెప్పలేదు. మధ్యాహ్నానికి గది పేలిపోయింది.

నిప్పు ఎలా పుట్టిందో తెలియదని విచారణలో రాశారు. "నీ తప్పు కాదు బావా" అంటాడు మీ నెను మామ. ముప్పై ఏళ్లుగా గుడ్డ అమ్ముతున్నాను. నైలాన్ రాసుకుంటే రవ్వ పుడుతుందని నాకు తెలియదా?

అన్న మొదలుపెట్టిన పని నువ్వు పూర్తి చేస్తానంటే వద్దనలేకపోయాను. నువ్వు ఇంటి గుమ్మం దాటడం చూడలేక ముందే కొట్టుకి పోతున్నాను. టమాటా రాసిన రొట్టె గిన్నె కింద ఉంది, తిని వెళ్లు.

నాన్న

మర్చిపోయాను. సాయంత్రం రాగానే ముందు కొట్టుకి వచ్చి కనబడు. ఆ మూడు వందల్లో మిగతా చొక్కాలన్నీ అమ్ముడుపోయాయి. నాకు మిగిలింది నువ్వొక్కదానివే.